చెప్పులు దొరికేదాకా

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో విశ్రాంత జూనియర్ కాలేజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినబడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, నా మాట కంటే దాని మాటే ఎక్కువుంది.

లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి, "మాస్టారూ, పిల్లలకి మోటివేషన్ మీద ఓ గంట మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను గానీ ఫోన్ పెట్టేశాక భయం వేసింది. ఇలాంటి ప్రసంగాలు చాలా విన్నాను, కాలేజీలో ఉన్నప్పుడు కొన్ని నేనే ఇచ్చాను. ఆ సాయంత్రం పిల్లలు ఊగిపోతారు. కొత్త నోటు పుస్తకం కొంటారు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో టైమ్ టేబుల్ గీసి గోడకి అంటిస్తారు. పది రోజులు తిరిగేసరికి ఆ టైమ్ టేబుల్ కిందే చేరగిలబడి సెల్లు చూసుకుంటూ ఉంటారు. తప్పు వాళ్ళదనే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోవడం లేదు. అదే ఇవాళ చెప్తాను.

మన పెద్దవాళ్ళు వైరాగ్యం మూడు రకాలన్నారు. ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం, పురాణ వైరాగ్యం. మొదటిదాని గురించి మాట్లాడే అర్హత నాకు లేదు, ఇక్కడున్న తల్లులకే తెలుసు. శ్మశాన వైరాగ్యం అందరం ఎరుగుదుం. అక్కడున్నంతసేపూ "ఏం తీసుకుపోతాం" అనుకుంటాం, తిరిగొచ్చి స్నానం చేసి కాఫీ తాగగానే సరిహద్దు గట్టు తగాదా గుర్తొస్తుంది. మూడోది పురాణ వైరాగ్యం. గుళ్ళో పురాణం వింటున్నంతసేపూ ఈ సంసారం మిథ్య. బయటికొచ్చాక చెప్పులు కనబడకపోతే మాత్రం అది మిథ్య కాదు. (నవ్వులు) మోటివేషన్ ప్రసంగం అచ్చంగా పురాణ వైరాగ్యమేనండీ. చెప్పులు దొరికేదాకా ఉంటుంది. ఇవాళ్టిది కూడా అంతే, ముందే చెప్పేస్తున్నాను.

మనకి ఆరంభశూరులని ఒక పేరుంది కదా. అది మన జబ్బే అనుకునేవాణ్ణి. 1980ల చివర్లో అమెరికాలో జాన్ నార్‌క్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కొత్త సంవత్సరానికి ఏదో ఒక తీర్మానం చేసుకున్న 200 మందిని వెంబడించి లెక్క తీశాడు. మొదటి వారం నిలబడ్డవాళ్ళు నూటికి 77 మంది. రెండేళ్ళయ్యాక మిగిలింది 19 మంది. చదివాక కొంచెం ఊరట కలిగింది. వాళ్ళూ మనవాళ్ళేనండీ.

ఎందుకిలా జరుగుతుంది? నాకు అర్థమైనంతలో, సంకల్పం చెప్పుకునేవాడొకడు, అది నెరవేర్చాల్సినవాడు ఇంకొకడు. రాత్రి శుభ్రంగా భోంచేసి, ఫ్యాను కింద పడుకుని, "రేపట్నించి నాలుగున్నరకి లేచి చదువుతాను" అంటాడే, వాడికి నిద్ర రావడం లేదు, ఆకలి లేదు, చలి లేదు. నాలుగున్నరకి లేవాల్సినవాడికి మూడూ ఉన్నాయి. మొదటివాడు రెండోవాణ్ణి మాట మాత్రమైనా అడక్కుండా వాడి తరఫున సంతకం పెట్టేశాడు. ఇక గొడవ రాదూ?

నా సంగతే చెప్తాను. రిటైరైన ఏడాదికి షుగర్ వచ్చిందన్నారు. రోజూ నడవమన్నారు. సరే, రాజమండ్రి వెళ్ళి 3,200 పెట్టి బూట్లు కొన్నాను. బంధువులందరికీ చెప్పాను. "మాస్టారు మాస్టారే" అన్నారు. ఆ మాట వినగానే సగం నడిచేసినట్టే అనిపించింది, అదే ఇబ్బంది. గాబ్రియెల్ ఓటింగెన్ అనే ఆవిడ, ఇంకో పరిశోధకుడితో కలిసి, బరువు తగ్గాలనుకునే ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధన 1991లో అచ్చయింది. సన్నబడ్డాక ఎంత బాగుంటుందో కమ్మగా ఊహించుకున్నవాళ్ళు, అలా ఊహించుకోనివాళ్ళ కంటే తక్కువ తగ్గారు. ఫలం ముందే నోట్లో పడిపోతే చెట్టెవడు ఎక్కుతాడండీ. మన కొబ్బరి దింపు కార్మికుణ్ణి అడగండి, కాయ కింద ఉంటే ఎక్కుతాడేమో.

ఇరవై మూడు రోజులు నడిచాను. తర్వాత వాయుగుండం పట్టింది, మూడు రోజులు ఎడతెగని వాన. నాలుగో రోజు ఎండ వచ్చింది, నేను మాత్రం లేవలేదు. "ఎలాగూ తప్పిపోయింది కదా" అనుకున్నాను. ఆ "ఎలాగూ" అనే మాటని జాగ్రత్తగా చూడండి. మూడు రోజులు పోయింది వానవల్ల. తర్వాతి ఎనిమిది నెలలు పోయింది ఆ మాటవల్ల. బూట్లు అటక ఎక్కాయి.

దీని మీదా ఒక ప్రయోగం ఉంది. 1975లో హెర్మన్, మాక్ అని ఇద్దరు చేశారు. పథ్యం మీద ఉన్నవాళ్ళకి ముందుగా మిల్క్ షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ పెట్టి, రుచి చూసి చెప్పమన్నారు. మిల్క్ షేక్ తాగాక మామూలువాళ్ళు తక్కువ తిన్నారు, కడుపు నిండింది కాబట్టి. పథ్యం చేసేవాళ్ళు ఎక్కువ తిన్నారు! పథ్యం ఎలాగూ చెడింది కదా మరి. ఈ గుణానికి ఇంగ్లీషువాళ్ళు పెద్ద పేరే పెట్టుకున్నారు గానీ, గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళం మనకి సామెతే ఉంది: మునిగినవాడికి చలేమిటి. ఆత్రేయపురం పూతరేకు ఒకటి తిన్న షుగర్ మనిషి, డబ్బా ఖాళీ చేసేది ఈ లెక్కనే. నేను చేశాను కాబట్టి చెప్తున్నాను.

ఇంకో చోట కూడా జారిపోతాం, నడిమధ్యలో. పోటీ పరీక్షలకి చదివే పిల్లలు ఇక్కడ నలుగురైదుగురు కనబడుతున్నారు. మొదటి నెలలో కొత్త పుస్తకాల వాసన ఉంటుంది. చివరి నెలలో భయం ఉంటుంది. మధ్యలో ఏముంటుంది? పొలంలోనూ అంతే. ఊడ్పులప్పుడు గట్టు మీద జనం, కోతలప్పుడు గట్టు మీద జనం. మధ్యలో కలుపు తీసే రోజుల్లో పొలంలో నలుగురు ఆడకూలీలూ, కొంగలూ. ఎంత చేశామో అని వెనక్కి చూసుకున్నా, ఎంత మిగిలిందో అని ముందుకి చూసుకున్నా రెండూ దూరంగానే కనబడే చోటు అది. అక్కడ ఆగిపోయినవాణ్ణి బద్ధకస్తుడని తిట్టేస్తాం. పిల్లలూ, మీరు ఏడాది సిలబస్‌ని ఏడాదిగా చూడకండి, పదిహేను రోజుల కమతాలుగా కోసుకోండి. చిన్న కమతానికి నడిమధ్య కూడా చిన్నదే. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అసలు విషయానికి వస్తాను. ఇదిగో ముందు వరసలో నల్లబట్టల్లో నలుగురు స్వాములు కూర్చున్నారు. కార్తీకం కదా. అందులో ఒకాయన నాకు మేనల్లుడే. వాడు... క్షమించాలి, వారు. మాల వేసుకున్న రోజు నుంచీ నేను "ఒరేయ్" అనకూడదు, "స్వామీ, మీరు" అనాలి. వారి అనుమతి తీసుకునే చెప్తున్నాను. మామూలు రోజుల్లో ఈ స్వామి రోజుకి పెట్టెడు సిగరెట్లు కాలుస్తారు. మానమని వాళ్ళమ్మ ఏడ్చింది, డాక్టరు తిట్టాడు, నేను ప్రసంగించాను. ఏం లాభం లేకపోయింది. అదే మనిషి కార్తీకంలో మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు ఒక్కటంటే ఒక్కటి ముట్టడు. వరసగా నాలుగేళ్ళుగా చూస్తున్నాను. ఒక్క పోయినేడు తప్ప, మాల తీసిన సాయంత్రం మళ్ళీ కిళ్ళీకొట్టు దగ్గర ఉంటాడు.

కొంతమంది దీన్ని చూసి నవ్వుతారు, "ఇదేం దీక్ష" అని. నాకు నవ్వు రాదు, ఆశ్చర్యం వేస్తుంది. నలభై ఒక్క రోజులు ఎలా ఉండగలిగాడు? దేవుడి మీద భక్తి, సరే. కానీ మిగతా పది నెలలూ కూడా దేవుడున్నాడు, భక్తీ ఉంది. మరి తేడా ఎక్కడుంది?

నేను కూర్చుని గమనించాను. పొద్దున్న చన్నీళ్ళ స్నానం, ఎప్పుడు చెయ్యాలన్న చర్చ లేదు. "కొంచెం తగ్గిస్తాను" అనే మాటే లేదు, అసలు లేదంటే లేదు. ఒంటిమీద నల్లబట్ట, మెడలో మాల, కాలికి చెప్పు లేదు. చూసుకున్నప్పుడల్లా తానెవరో గుర్తొస్తుంది. కిళ్ళీకొట్టువాడు కూడా "స్వామీ, శరణం" అని దణ్ణం పెడతాడే తప్ప సిగరెట్ చాపడు. సాయంత్రం భజన, అక్కడికి రాకపోతే గురుస్వామి మనిషిని పంపిస్తారు. పక్కన పాతిక మంది అదే నియమంలో ఉంటారు. పైగా ఎప్పటితో అయిపోతుందో తెలుసు. ఇవేవీ వాడి గుండెల్లో ఉన్న పట్టుదల కాదండీ. అన్నీ బయట ఉన్నవే. మాల తీయగానే ఇవన్నీ ఒకేసారి తీసేశాం. మిగిలింది ఏముంది? పాత కిళ్ళీకొట్టు, పాత స్నేహితులు, పాత "ఒరేయ్".

ఇంకో లెక్క చూడండి. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఆ మాట పుట్టింది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసినదాని నుంచి. ఆపరేషన్ అయినవాళ్ళు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడ్డానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన అన్నాడు. ముక్కు సంగతి నడకకి అంటగట్టారు మనవాళ్ళు. లండన్‌లో ఫిలిపా లాలీ అనే ఆవిడ 96 మందిని పెట్టుకుని నిజంగా కొలిచింది. భోజనంతో పాటు ఓ పండు తినడం, రాత్రి తినేముందు కాసేపు పరుగెత్తడం, ఇలాంటి చిన్న పనులు. ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి ఒకరికి 18 రోజులు పట్టింది, ఇంకొకరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. నడిమి లెక్క 66. మన మండలం 41. నా మేనల్లుడు అవతలి ఒడ్డు కనబడుతుండగా పడవ దిగిపోతున్నాడన్నమాట. ఆవిడ లెక్కలో నాకు బాగా నచ్చింది ఇంకోటి: మధ్యలో ఒక రోజు తప్పిపోతే అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. నా వాయుగుండం నిజానికి నాకేం చెయ్యలేదు.

మా నాన్న గురించి చెప్పనివ్వండి, రెండు నిమిషాలు.

ఆయన లాకుల దగ్గర లస్కరు, అంటే కాలువ గేట్లూ నీటి మట్టం చూసుకునే చిన్న ఉద్యోగి. కాలువ పక్కనే మా క్వార్టరు. పొద్దున్న ఆరింటికి గేజి చూసి రిజిస్టరులో ఎక్కించాలి. గేజి అంటే ఏం లేదు, లాకు గోడకి అడుగులూ అంకెలూ చెక్కిన రాయి. నీటి అంచు దగ్గర ఎప్పుడూ పాచి పట్టి అంకె కనబడదు. ఆయన కొబ్బరి పీచు ఉండ ఒకటి పట్టుకుని మెట్లు దిగి, రెండుసార్లు రుద్ది, మోకాళ్ళ మీద వంగి చూసి, పైకొచ్చి రాసేవారు. వానైతే గోనెసంచి తలమీంచి కప్పుకునేవారు. నేను ఆరో క్లాసులో ఉండగా అడిగాను, "రోజూ ఇదే కదా నాన్నా, నీకు విసుగు రాదా?" అని. "ఎందుకు రాదురా, వస్తుంది. రాసేసి వచ్చి విసుక్కుంటాను" అన్నారు.

ఆయన ఉత్సాహంగా మెట్లు దిగడం నేనెప్పుడూ చూడలేదు. ఆ పీచు ఉండ మాత్రం తలుపు పక్కన ఒకే మేకుకి వేలాడుతూ ఉండేది. వెతుక్కునే పని లేదు. ఆరింటికి చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్ళేది.

ఏటా ఏప్రిల్ ప్రాంతంలో కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో వదులుతారు. ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ మధ్య రోజుల్లోనే పూడిక తీయాలి, తూడూ గుర్రపుడెక్కా లాగెయ్యాలి, తూములు బాగు చేసుకోవాలి. అది సరిగా జరగని ఏడు ఏమవుతుంది? ధవళేశ్వరం దగ్గర నీళ్ళు నిండుగా ఉంటాయి, శివారు పొలాల్లో ఆకుమళ్ళు ఎండిపోతాయి. నీళ్ళు లేక కాదు, నీళ్ళు వచ్చే దారి లేక. అప్పుడు ఇంకో అడుగు వదలమని గొడవ చేస్తే, పైన ఎక్కడో గట్టు తెగుతుంది, శివారు మాత్రం అలాగే ఉంటుంది. ఉత్సాహం తగ్గిందని మీరు మళ్ళీ ఇంకో ప్రసంగం వినడం ఈ రెండో రకం పని. గోదారికి వరద వస్తుంది, పోతుంది. దాని స్వభావం అది. వరద ఎందుకు తగ్గిందని గోదారిని తిట్టేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

కాటన్ దొర విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతకాలి. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టి 1852 నాటికి పూర్తి చేశారు. మధ్యలో ఆయనకి ఒంట్లో బాగుండక సెలవు పెట్టి ఆస్ట్రేలియా వెళ్ళారు, ఆ సంగతి మనం అంతగా చెప్పుకోం. పని ఆగలేదు. ఆయన కింద ఇంజనీరు కెప్టెన్ ఓర్ ఉన్నాడు, ఓవర్సీరు మన వీణం వీరన్న ఉన్నాడు, వేలమంది కూలీలున్నారు. అంత సంకల్పం ఉన్న మనిషి కూడా లేచి నిలబడలేని రోజులున్నాయి. ఆ రోజుల్లో పని ఎవరి చేతిలో ఉందన్నదే లెక్క.

మీ పూడిక ఏమిటో నాకు తెలియదు. ఒకరికి తలగడ కింద సెల్లు. ఇంకొకరికి ఒకే గదిలో ఐదుగురు, టీవీ, పక్కింటి డీజే. అలాంటి పిల్లవాడికి "ఏకాగ్రత పెంచుకో" అని చెప్పడం నాకు సిగ్గుగా ఉంటుంది. వాడికి కావలసింది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఈ లైబ్రరీ తలుపు తెరిచి ఉండడం. లైబ్రేరియన్ గారూ, మీ వైపే చూస్తున్నాను. (చప్పట్లు)

వదిలెయ్యడం అన్నిసార్లూ తప్పు కాదన్నది కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2011 సార్వాలో ఈ కోనసీమ రైతులే క్రాప్ హాలిడే ప్రకటించారు. ఎరువులూ కూలీ పెరిగి, ధాన్యానికి ధర లేక, మురుగు దిగక, పండిస్తే నష్టం ఎక్కువని తేల్చుకుని నాగలి పక్కన పెట్టారు. వాళ్ళకి మోటివేషన్ లేదని అనగలమా? వాళ్ళు లెక్క వేసుకున్నారు. అలాగే ఆరో ఏడు కూడా అదే పరీక్ష రాస్తున్న కుర్రాడు ఈ సాయంత్రం నా దగ్గరికొచ్చి, "చదవబుద్ధి కావడం లేదు మాస్టారూ" అంటే, నేను వాడి మనసుని తప్పు పట్టను. అది ఏదో లెక్క చెబుతోందేమో, కూర్చుని విందాం అంటాను. బద్ధకానికీ లెక్కకీ తేడా బయటినుంచి తెలియదు. తల్లిదండ్రులు ఇది కొంచెం గుర్తుపెట్టుకోవాలి.

నా నడక ఏమైందని అడగలేదు మీరు. మళ్ళీ మొదలైంది, ఈసారి నా గొప్పేం లేదు. మా ఇంట్లో ప్యాకెట్ పాలు మానిపించాను. లాకుల అవతల ఒకాయనకి గేదెలున్నాయి, ఆరింటికి పాలు పితుకుతాడు. నేను క్యాను పట్టుకుని కాలువగట్టు మీద వెళ్ళి తెస్తేనే మా ఇంట్లో కాఫీ. పోనూ రానూ మూడు కిలోమీటర్లు. వాన రోజు మానేద్దామనుకుంటే మా ఆవిడ ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి నా వైపు చూస్తుంది. ఆరోగ్యం కోసం ఇరవై మూడు రోజులు నడిచిన మనిషిని, కాఫీ కోసం మూడో ఏడు నడుస్తున్నాను. బూట్లు ఇంకా అటక మీదే ఉన్నాయి, చెప్పులతోనే వెళ్తున్నాను. అవి మాత్రం ఎప్పుడూ దొరుకుతాయి.

స్వాములకి భజన వేళవుతోంది, ముగిస్తాను. పోయినేడు మేనల్లుడూ నేనూ ఒక ప్రయత్నం చేశాం. మాల తీశాక దీక్షలోవి రెండు మాత్రం ఉంచుకోమన్నాను: పొద్దున్న చన్నీళ్ళ స్నానం, సాయంత్రం ఏడింటికి గుడి దగ్గర ఆ స్నేహితులతోనే కూర్చోవడం. పనికి కూడా కిళ్ళీకొట్టు లేని దారిలో వెళ్ళమన్నాను. డిసెంబరు ఆఖరు వారం నుంచి బాగానే ఉన్నాడు. సంక్రాంతి వచ్చింది. కనుమ నాడు కోడిపందేల బరి దగ్గర ఎవరో ఒకటి ఇచ్చారు. తర్వాత సంగతి తెలిసిందే, మునిగినవాడికి చలేమిటి.

పీటర్ గాల్విట్జర్ అనే జర్మన్ శాస్త్రవేత్త విద్యార్థులతో ఒక చిన్న పని చేయించాడు. క్రిస్మస్ పండగ ఎలా జరిగిందో రెండు రోజుల్లో రాసి పంపమన్నాడు. ఉత్తినే సరేనన్నవాళ్ళలో మూడో వంతు మంది పంపారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసిచ్చినవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది దాకా పంపారు. అందుకని ఈసారి మేం పండగ మూడు రోజులకీ ముందే కాయితం మీద రాసుకున్నాం. భోగి నాడు ఎక్కడుంటాడు, సంక్రాంతికి ఎవరింటికి వెళ్తాడు. కనుమ నాడు బరి దగ్గర ఎవరైనా సిగరెట్ చాపితే ఏమంటాడు, ఆ మాట కూడా రాశాం. ఒకవేళ కాల్చేస్తే ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేస్తాడో కింద రాసి ఉంది. అది నా నంబరే.

కనుమ ఎలా గడిచిందో జనవరిలో తెలుస్తుంది. పదండి స్వామీ, మీ వాళ్ళు పిలుస్తున్నారు.